కప్పులు కొట్టే ముందు కొలత చూడండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడలో ఉంటాను. ఆరేళ్ల కిందట కొన్న గేర్ల సైకిలు మీద రోజూ ఉదయం కాలువ గట్టు వెంట ఇరవై కిలోమీటర్లు తొక్కుతాను. స్టీలు ఫ్రేము, ముందు షాకబ్జార్బర్లు లేని మామూలు ఫోర్కు. వారానికోసారి బైకులు కడిగే చోట వాటర్ వాష్ చేయిస్తాను. రెండు నెలలుగా ముందు బ్రేకు పట్టినప్పుడల్లా హ్యాండిల్ కింద టక్కుమంటోంది. ఒక షాపులో చూపిస్తే నెత్తిమీది బోల్టు గట్టిగా బిగించి పంపారు. శబ్దం తగ్గింది. కానీ ఇప్పుడు హ్యాండిల్ బరువుగా తిరుగుతోంది. నేరుగా పెట్టినప్పుడు ఏదో గాడిలో పడ్డట్టు ఆగుతోంది. ఆన్‌లైన్‌లో కొత్త హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేందుకు ఉండే కప్పులు, బాల్స్ సెట్టు) తెప్పించాను. పెట్టె మీద ‘జెడ్ఎస్ 44’ అని ఉంది. ఇంకా విప్పలేదు. ఇప్పుడున్న కప్పులు మాత్రం గొట్టానికి పైనా కిందా బయటికే కనిపిస్తున్నాయి. ఆ గొట్టం వెడల్పు పైనా కిందా ఒకటే, టేపుతో కొలిస్తే నాలుగు సెంటీమీటర్ల లోపే ఉంది. నేనే ఇంట్లో వేసుకోగలనా? సుత్తి, స్పానర్లు, ఆలెన్ కీలు ఉన్నాయి. తెనాలిలో ఉన్న నాన్నగారి పాత నల్ల సైకిలుకూ ఇదే జబ్బు. దానికీ ఇదే పద్ధతా?

సమాధానం: ముందుగా ఆ పెట్టె విప్పకండి. అది మీ సైకిలుది కాదు, వెనక్కి పంపండి.

ఎందుకంటే ఆ 44 అనే అంకె గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. ఫ్రేము ముందు భాగంలో నిలువుగా ఉండే పొట్టి గొట్టాన్ని హెడ్ ట్యూబు అంటారు కదా, దాని లోపల 44 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఆ కప్పులు అందులో మునిగి కూర్చుంటాయి. మీ గొట్టం బయటి వెడల్పే 40 దాటలేదు. లోపల 44 ఎక్కడి నుంచి వస్తుంది? కప్పులు బయటికి కనిపించే మీ రకానికి గుర్తు ‘ఇసి’. గొట్టం లోపలి కొలత 34 అయితే ‘ఇసి 34’ అని రాస్తారు. మీరు చెప్పిన వివరాలను బట్టి మీది అదే. పై భాగానికి ‘ఇసి 34/28.6’, కింది భాగానికి ‘ఇసి 34/30’ అని ఉండాలి. 28.6 అంటే హెడ్ ట్యూబులోంచి పైకి వచ్చే ఫోర్కు కాడ మందం, అంటే అంగుళం పైన ఎనిమిదో వంతు. 30 అంటే ఆ కాడ అడుగున, ఫోర్కు మెడ మీద కింది రేసు, అంటే బాల్స్ తిరిగే దారి ఉన్న రింగు, బిగుతుగా కూర్చునే చోటి కొలత. ఈ నాలుగు అంకెలూ సరిపోతే ఏ కంపెనీదైనా ఒకటే. ఒక్కటి తేడా వచ్చినా ఎంత ఖరీదైనదైనా దండగే.

అయితే నా అనుమానం వేరు. మీకు అసలు కొత్త కప్పులు అవసరం పడకపోవచ్చు. అది తేలాలంటే విప్పి చూడాలి. విప్పే ముందు జబ్బు నిజంగా హెడ్‌సెట్‌దేనా అన్నది తేల్చుకోవాలి. టక్కుమనే శబ్దానికి దోషులు చాలామంది ఉంటారు.

షాపువారు బిగించిన బోల్టును ముందు యథాస్థితికి తీసుకురండి. హ్యాండిల్‌ను ఫోర్కు కాడకు కలిపే ముక్క స్టెమ్, దాని పక్కన ఉండే రెండు బోల్టులు వదులు చేసి, నెత్తిమీది బోల్టు ఒక చుట్టు వెనక్కి తిప్పి, హ్యాండిల్ తేలిగ్గా తిరిగేంతవరకు సర్ది, పక్క బోల్టులు మళ్లీ బిగించండి. ఇప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టి, ఎడమ చేతి వేళ్లు పై కప్పు అంచు మీద పెట్టి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. రెండు ముక్కల మధ్య కదలిక వేలికి తెలుస్తుంది. కింది కప్పు దగ్గరా అలాగే చూడండి. తరువాత హ్యాండిల్‌ను పూర్తిగా పక్కకు తిప్పి మళ్లీ ఊపండి. నేరుగా ఉన్నప్పుడు వచ్చిన కదలిక అడ్డంగా తిప్పినప్పుడు పోతే హెడ్‌సెట్ తప్పు తక్కువ, బ్రేకు ప్యాడ్లో బ్రేకు చేతులో ఆడుతున్నట్టు. ముందు చక్రాన్ని రిమ్ము దగ్గర పట్టుకుని పక్కలకు కదపండి. అక్కడ ఆడితే చక్రం మధ్య హబ్బులో బాల్స్‌ను నొక్కి ఉంచే కోన్లు వదులయ్యాయని అర్థం. ఇవన్నీ బాగుండి వేలి కింద కప్పే కదులుతుంటే, అప్పుడు హెడ్‌సెట్ మీద చేయి వేయండి.

ఆ గాడి సంగతి మాత్రం అనుమానం లేనిది. చక్రంలోని బాల్స్ నిరంతరం తిరుగుతుంటాయి కాబట్టి గ్రీజు అన్నివైపులా పాకుతుంది. హ్యాండిల్ కింది బాల్స్‌కు ఆ భాగ్యం లేదు. రోడ్డు మీద మనం హ్యాండిల్ తిప్పేది చాలా కొద్ది, అవి దాదాపు ఒకే చోట కూర్చుని ప్రతి గుంటకూ అదురుతుంటాయి. ఆ సన్నటి అదురుకు కింద ఉన్న గ్రీజు పక్కకు జరిగిపోతుంది, ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, ఒక్కో బాల్ తన కింద ఒక చిన్న గుంట తవ్వుకుంటుంది. హ్యాండిల్ నేరుగా వచ్చినప్పుడు అన్ని బాల్స్ ఒకేసారి ఆ గుంటల్లోకి జారతాయి. మీకు తెలుస్తున్న గాడి అదే. పెద్ద గోతిలో పడటం వల్ల ఇలా అయిందని చాలామంది అనుకుంటారు. ఒక్క దెబ్బ కన్నా నెలల తరబడి గ్రీజు లేకుండా అదరడమే ఎక్కువ హాని చేస్తుంది. మీ విషయంలో ఆ గ్రీజు ఎటు పోయిందో నేను వేరే చెప్పనక్కర్లేదు. వారం వారం ఒత్తిడి నీళ్లతో కడిగిస్తున్నారు! మోటారు సైకిలుకు నడుస్తుందేమో, సైకిలు కప్పులకు అంత గట్టి సీళ్లు ఉండవు. బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు.

ఇక నెత్తిమీది బోల్టు. మీ సైకిలుది 1990ల మొదట్లో మౌంటెన్ సైకిళ్లతో వ్యాపించిన, ఫోర్కు కాడకు మరలు లేని రకం. ఇందులో ఆ బోల్టు ఫోర్కును పట్టుకోదు. ఫోర్కును పట్టుకునేది స్టెమ్ పక్క బోల్టులు. నెత్తిమీది బోల్టు పని, కాడ లోపల ఇరికించి ఉన్న నక్షత్రం ఆకారపు నట్టును పైకి లాగి, మధ్యలో ఉన్న కప్పులు, వాషర్లు, స్టెమ్ అన్నిటినీ ఒకదాని మీద ఒకటి దగ్గరగా నొక్కడం, అంతే. పక్క బోల్టులు బిగించాక అది ఖాళీగా కూర్చున్నా నష్టం లేదు. పక్క బోల్టులు వదులు చేయకుండా దాన్ని బిగిస్తే ఫలితం ఉండదు, లేదా నక్షత్రం నట్టు పైకి జారుతుంది. వదులు చేసి మరీ గట్టిగా బిగిస్తే బాల్స్ రేసుల్లోకి దిగబడి ఉన్న గుంటలు లోతవుతాయి. మీ హ్యాండిల్ బరువెక్కింది అందుకే.

సరే, విప్పుదాం. ముందు చక్రం తీసి, ముందు బ్రేకు కేబులు ఊడదీసి, ఫ్రేమును తలుపు పక్క కొక్కేనికో, రెండు కుర్చీల మధ్య కర్రకో వేలాడదీయండి. కింద పాత న్యూస్ పేపరు పరవండి. నెత్తిమీది బోల్టు తీసి, ఒక చేత్తో ఫోర్కును పట్టుకుని మరీ స్టెమ్ వదులు చేయండి. పట్టుకోకపోతే ఫోర్కు జారి కింద పడుతుంది, బాల్స్ మంచం కిందికి పోతాయి. స్టెమ్ తీశాక కూడా ఫోర్కు దిగకపోతే కంగారు పడకండి. పైన చీలిక ఉన్న ఒక సన్నటి రింగు కాడను కరిచి పట్టుకుని ఉంటుంది. కాడ నెత్తిన చెక్క పెట్టి మెల్లగా తట్టితే వదులుతుంది. ఏ ముక్క తరువాత ఏ ముక్క వచ్చిందో ఆ వరుసలోనే పేపరు మీద పెట్టి ఫోనులో ఒక ఫొటో తీయండి. సాయంత్రానికి ఆ ఫొటోయే మీ గురువు.

ఇప్పుడు కప్పుల్లో ఏముందో చూడండి. ఉంగరంలా ఒకే ముక్కగా ఉన్న సీల్డ్ బేరింగు వేలితో బయటికి వస్తే మీ అదృష్టం. కప్పులు ఊడగొట్టే పనే లేదు. బేరింగు పక్కన చెక్కి ఉన్న కొలతలు, 36, 45 లాంటి కోణాల అంకెలు చూసుకుని సరిగ్గా అవే తెచ్చి వేయండి. అంకెలు చెరిగిపోతే పాత బేరింగునే చేతపట్టుకుని షాపుకు వెళ్లండి. కోణం తేడా ఉన్న బేరింగు కూడా కప్పులో చక్కగానే కూర్చుంటుంది, ఆ తరువాత మీరు ఎంత సర్దినా వదులు పోదు.

అలా కాకుండా రేకు పంజరంలో గుచ్చిన బాల్స్ కనిపిస్తే, కప్పునూ ఫోర్కు మెడ మీది రేసునూ కిరోసిన్ గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. వేలిగోరు తిప్పితే తగిలే గుంటలు ఉంటాయి. వాటిని గ్రీజు పూడ్చలేదు. పూర్తి సెట్టు మార్చాల్సిందే. అప్పుడు మాత్రం, కింద చెప్పినట్టు పాత కప్పులు ఊడదీశాక, వెర్నియర్ కాలిపర్‌తో గొట్టం లోపల కొలిచి, 34 అని కళ్లారా చూసి, ఆర్డరు పెట్టండి.

పాత కప్పులు ఊడదీయడానికి పొడవాటి ఇనుప రాడ్డు చాలు. పై నుంచి లోపలికి పోనిచ్చి, కింది కప్పు లోపలి అంచు మీద ఆనించి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు కొట్టండి. ఒకే వైపు కొడితే అది వంకరగా తిరిగి గొట్టాన్ని గీకుతుంది. కింది రేసును ఫోర్కు మెడ నుంచి లేపడానికీ ఇదే నియమం, రాడ్డుకు బదులు పాత స్క్రూడ్రైవరు. కొన్ని కొత్త రేసులకు ఒకచోట చీలిక ఉంటుంది, అవి చేత్తోనే వస్తాయి.

కొత్త కప్పులు ఎక్కించడమే అందరూ భయపడే పని. భయపడాల్సినదే. కప్పు బయటి కొలత గొట్టం రంధ్రం కన్నా మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువ ఉంటుంది. ఆ బిగుతే దాన్ని నిలబెడుతుంది. నేను మొదటిసారి వేసినప్పుడు ఉత్సాహం కొద్దీ చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టాను. మొదటి రెండు దెబ్బలకే కప్పు ఒకవైపు ఒరిగింది. నిటారు అవుతుందిలే అని మూడోది కొట్టాను. కాలేదు, కప్పు అంచు సొట్టపోయింది. మీ పెట్టెలో సుత్తి ఉందన్నారు, ఈ పూట దాన్ని అక్కడే ఉండనివ్వండి.

హార్డ్‌వేర్ షాపులో పొడవునా మరలు ఉన్న 12 మిల్లీమీటర్ల రాడ్డు ఒక అడుగు ముక్క, దానికి రెండు నట్లు, కప్పు అంచును మించిన వెడల్పు ఉన్న మందపాటి వాషర్లు రెండు తెచ్చుకోండి. వాషర్లకూ కప్పుకూ మధ్య రంధ్రం చేసిన గట్టి చెక్కముక్క ఒకటి పెడితే కప్పు మీద గీతలు పడవు. గొట్టం లోపల పలచగా గ్రీజు రాయండి. కప్పులో సీల్డ్ బేరింగు ఉంటే ముందు తీసేయండి, దాని మీద ఒత్తిడి పడితే కొత్తదైనా పాడవుతుంది. రెండు కప్పులూ ఒకేసారి లాగే ప్రయత్నం వద్దు, ఒకదాని తరువాత ఒకటి. కింది నట్టును ఒక స్పానర్‌తో ఆపి పైది పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతి రెండు మూడు సార్లకు కిందికి వంగి చుట్టూ సందు సమానంగా ఉందేమో చూడండి. ఒరిగినట్టు అనిపిస్తే ఆపి, ఊడగొట్టి, మొదటి నుంచి. కప్పు అంచు గొట్టానికి అంటుకున్నాక మధ్యలో కాగితం కూడా దూరకూడదు. ఒకవేళ కప్పు చేత్తో నొక్కితేనే దిగిపోతుంటే గొట్టం సాగిపోయిందన్నమాట, లేదా కొలత తప్పు. జిగురు పూసి సరిపెట్టుకోకండి, ఫ్రేము పని తెలిసినవారికి చూపించండి. గొట్టం దగ్గర వెల్డింగు మీద సన్నటి పగులు కనిపించినా అంతే.

కింది రేసుకు మాత్రం సుత్తి తీయవచ్చు. ఫోర్కు కాడ మీద సులువుగా జారే గొట్టం ముక్క ఒకటి కావాలి. కొనేటప్పుడు ఫోర్కునూ రేసునూ షాపుకే తీసుకెళ్లండి. గొట్టం అంచు రేసు లోపలి అంచు మీదే ఆనాలి, బాల్స్ తిరిగే దారిని తాకకూడదు. ఫోర్కు కాళ్లు నేలకు తగలకుండా పట్టుకుని, గొట్టంతో కొడుతూ పోతే శబ్దం మెత్తగా మొదలై, రేసు పూర్తిగా కూర్చున్న క్షణంలో ఖంగుమని మారుతుంది. చెవికి తెలుస్తుంది. అక్కడితో ఆపండి.

కూర్పులో గ్రీజు విషయంలో పిసినారితనం వద్దు. ఆటో విడిభాగాల షాపుల్లో దొరికే మామూలు లిథియం గ్రీజు చాలు. పంజరం బాల్స్ అయితే బాల్స్ బయటికి పొడుచుకువచ్చిన వైపు కోన్ ఆకారపు ముక్క మీద కూర్చోవాలి, పంజరం రేకు వైపు కప్పు లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే రేకు రాసుకుని గరగరమంటుంది. ఇంట్లో చేసేవారిలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పైనా కిందా ఒకే దిశలో పెట్టకండి, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. పై కప్పులో చీలిక రింగు మరిచిపోవద్దు.

స్టెమ్ పెట్టాక ఒక కొలత ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఫోర్కు కాడ నెత్తి, స్టెమ్ పై అంచు కన్నా దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. కొత్త కప్పులు పాతవాటికన్నా పొట్టిగా ఉంటే కాడ పైకి వచ్చి స్టెమ్‌తో సమానమవుతుంది. అప్పుడు నెత్తిమీది బోల్టు కింది మూత కాడకే తగిలి ఆగిపోతుంది. బోల్టు గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కప్పులు మాత్రం వదులుగానే ఉంటాయి. మందు చిన్నది: కాడ మీద తొడిగే స్పేసరు రింగు ఒకటి అదనంగా వేయడం.

సర్దడం ఇలా. పక్క బోల్టులు వదులుగా ఉంచి, నెత్తిమీది బోల్టును ఆలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని తిప్పుతూ, వేలితో కదలిక చూసుకుంటూ, అది పోయిన చోట ఆగండి. హ్యాండిల్‌ను చక్రంతో సూటిగా కలిపి పక్క బోల్టులు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఎంత బిగించాలో స్టెమ్ మీదే ముద్రించి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర. తరువాత ముందు చక్రం నేల నుంచి లేపి హ్యాండిల్‌ను కొద్దిగా పక్కకు వదిలితే అది తనంతట తాను ఒరిగిపోవాలి. కేబుళ్లు లాగడం వల్ల కాస్త ఆగితే పట్టించుకోకండి. చివరగా ముందు చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి హ్యాండిల్‌ను మెలిపెట్టి చూడండి. జారితే పక్క బోల్టులు చాలలేదు. కప్పు వంకరగా పడితే శబ్దం వస్తుంది, స్టెమ్ జారితే పళ్లు రాలతాయి. అందుకే మొదటి సవారీ సందులోనే, నెమ్మదిగా.

ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కొద్దిగా వదులు వస్తే అది తప్పు కాదు, కొత్త ముక్కలు సర్దుకుంటాయి. మరోసారి అదే క్రమంలో సర్దండి. సర్దిన ప్రతిసారీ వదులవుతుంటే కింది రేసు పూర్తిగా దిగలేదేమో అనుమానించండి. ఎంత వదులు చేసినా బరువుగా తిరిగితే బేరింగు తిరగబడింది, లేదా దుమ్ము ఆపే రబ్బరు మూత మడతపడి రాసుకుంటోంది. అంతా బాగుండి కిర్రుమంటే స్పేసర్ల మధ్య పొడిగా ఉందేమో, తుడిచి చుక్క గ్రీజు రాయండి.

నాన్నగారి సైకిలు వేరే తరం. అక్కడ ఫోర్కు కాడకే మరలు ఉంటాయి, పై రేసు ఆ మరల మీద తిరుగుతూ దిగుతుంది, దాని మీద తాళం నట్టు. హ్యాండిల్ కాడ నెత్తిన ఉన్న బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, చెక్క పెట్టి తడితే లోపల ఇరికిన చీల కిందికి జారి హ్యాండిల్ ఊడివస్తుంది. తాళం నట్టుకు ఎక్కువగా 32 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. ఈ రకంలో కష్టం ఒకటే: తాళం నట్టు బిగించేటప్పుడు అది రేసును ఇంకొంచెం కిందికి నొక్కుతుంది. అందుకే రేసును సరిగ్గా సర్ది, ఆపైన వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, అప్పుడు నట్టు బిగించాలి. రెండు మూడుసార్లు చేస్తే గాని చేతికి రాదు. కొత్త నట్టు కొనాల్సి వస్తే పాతది వెంట తీసుకెళ్లండి. అంగుళం కాడకే అంగుళానికి 24 మరలు ఉన్నవీ 26 మరలు ఉన్నవీ ఉన్నాయి, చూపుకు ఒకేలా కనిపిస్తాయి, బలవంతంగా తిప్పితే కాడ మరలు చెడతాయి.

దాని కప్పుల్లో గుంటలు పడి, సరిపోయే సెట్టు దొరక్కపోతే పాత కిటుకు ఒకటి ఉంది. పంజరం తీసేసి విడి బాల్స్ వేయడం. ముందు పాతదాని సైజు చూడండి, ఎక్కువగా అంగుళంలో 32వ వంతులు ఐదు, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. కప్పు నిండా గ్రీజు పూసి చుట్టూ బాల్స్ పేర్చి, నిండాక ఒకటి తీసేయండి, ఊపిరాడేంత సందు ఉండాలి. పంజరంలో కన్నా బాల్స్ ఎక్కువ పడతాయి కాబట్టి వాటి ఎడం మారుతుంది, అన్నీ ఒకేసారి పాత గుంటల్లో పడవు. కొన్నేళ్లు నడుస్తుంది.

ఆ సైకిలుకు పాత దీపం బ్రాకెట్టు తాళం నట్టు కింద బిగించి ఉంటే, దీపం లేదు కదా అని దాన్ని తీసి పారేయకండి. దాని మందం తగ్గితే నట్టు కాడ చివరన తగిలి ఆగిపోతుంది, రేసు మీద బిగువు పడదు. తీయాల్సిందే అనుకుంటే అంతే మందం ఉన్న వాషరు ఒకటి దాని స్థానంలో వేయండి.